గ్రిప్పు గారికి ఒక బొటనవేలు రాయించిన ఉత్తరం

మహారాజరాజశ్రీ హ్యాండ్ గ్రిప్పు గారి దివ్యసముఖమునకు,

పర్లాకిమిడి నుండి ఒక ముసలి ఫొటోగ్రాఫరు అనేక నమస్కారములు చేసి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి అని రాయాలి గాని, ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే.

మొన్న పాతపట్నం పెళ్ళిలో జరిగిన పరాభవం తమకు తెలియంది కాదు. కెమెరాని చేతికి కట్టి ఉంచే పట్టీ తమరు, నా చేతికే చుట్టుకుని ఉన్నారు కదా. 1936లో ఒడిశా వేరు పడ్డప్పుడు మా కిమిడి ఇటూ పాతపట్నం అటూ అయ్యాయి గాని, పెళ్ళిసంబంధాలు ఆ గీతని ఎన్నడూ ఒప్పుకోలేదు. నా గిరాకీలో సగం గీతకి అవతలే. ముహూర్తం తెల్లవారుజామున మూడూ పన్నెండు. మాఘమాసం చలి. పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం ముద్ద ఎత్తి పట్టుకున్నాడు, సన్నాయి ఊపందుకుంది, తెర దిగుతోంది. కెమెరాలో ఎర్ర బ్యాటరీ బొమ్మ రెండుసార్లు మిణుక్కుమని ఆరిపోయింది. నిండు బ్యాటరీ జేబులోనే ఉంది. అది దూరే తలుపు మాత్రం కెమెరా అడుగున బిగించిన తమరి ప్లేటు కింద ఉంది.

ప్లేటు తియ్యాలంటే స్క్రూ తిప్పాలి. స్క్రూ నెత్తిన గాడి పెట్టి, 'నాణెంతో సులువుగా బిగించవచ్చు' అని అట్టపెట్టె మీద రాయించుకున్నారు తమరు. జేబులో దొరికిన పాత ఐదు రూపాయల బిళ్ళ మందం, గాడిలో దిగలేదు. రూపాయి బిళ్ళ దిగింది. కాని అంతకుముందే ఎవరో నా చేతిలో అక్షింతలు పోశారు, వేళ్ళనిండా పసుపూ తడీ. బిళ్ళ జారి పీటల పక్కన పళ్ళెంలో పడింది. పంతులుగారు దక్షిణ అనుకుని సర్దుకున్నారు.

చివరికి ఎవరో తొమ్మిదేళ్ళ గుంటడు 'ఇలాగియ్యి తాతా' అని కెమెరా లాక్కుని, గోరుతో, అవును గోరుతో, తిప్పేశాడు. అప్పటికి పిల్ల నెత్తిమీంచి బెల్లం నుదుటి మీదికి కారుతోంది. 'ఏటి మాస్టారూ, మళ్ళీ ఓపాలెట్టించీమంటారేటి?' అన్నాడు మేనమామ. పందిరంతా నవ్వింది. పెట్టించాం. ఆ ఫొటోలో ఇద్దరి ముఖాల్లోనూ రెండోసారి పెడుతున్నట్టే ఉంది.

అయ్యా, తమర్ని నేను సరదాకి తెప్పించుకోలేదు. బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని ఎక్స్‌రే దీపానికి ఎత్తి చూపిస్తూ డాక్టరు బాబు ఒక లెక్క చెప్పాడు. రెండు వేళ్ళ కొసలతో ఒక కిలో బలం పెట్టి దేన్నైనా నొక్కి పడితే, మొదట్లో ఉన్న ఆ కీలు మీద 12 కిలోల దాకా పడుతుందట. 'వేళ్ళ కొసలతో నొక్కి పట్టే పనులు తగ్గించండి, గుప్పిట పట్టే పనులు చెయ్యండి, బరువు అరచేతి మీదా మణికట్టు మీదా వెయ్యండి' అన్నాడు. అందుకే తమరు. కాని తమర్ని తగిలించాలంటే వేళ్ళ కొసలతోనే పట్టాలి, విప్పాలంటే వేళ్ళ కొసలతోనే పట్టాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్నట్టు.

పెళ్ళినించి వచ్చాక నిద్రపట్టక కూర్చుని లెక్కేశాను. తమరి స్క్రూ పావంగుళం. అంగుళానికి 20 మరలు. అంటే చుట్టుకి మిల్లీమీటరుంపావు. కెమెరా అడుగున ఐదు మిల్లీమీటర్లు దిగాలంటే నాలుగు చుట్లు. నా మణికట్టు ఒక పట్టున సగం చుట్టే తిరుగుతుంది కాబట్టి ఎనిమిది పట్లు. విప్పడానికి ఎనిమిది, బిగించడానికి ఎనిమిది. పెళ్ళికి మూడుసార్లు బ్యాటరీ మారుస్తాను. 48 పట్లు. ఒక్కోదానికి 12 కిలోల చొప్పున... వద్దు. ఆ మొత్తం బియ్యం బస్తాల్లో చెబితే మా ఆవిడ రేపే కెమెరా అమ్మేయమంటుంది. జపాను కెమెరా గాని జర్మనీ కెమెరా గాని, మిల్లీమీటర్లలో బతికే దేశాలు కూడా ఈ అంగుళం మరకి తలవంచాయి. ఐఎస్ఓ 1222 అని దానికో ప్రమాణం కూడా ఉంది. అది రాసినవాళ్ళెవరూ నా బొటనవేలు చూళ్ళేదు.

తమరి చుట్టాల గురించీ రెండు ముక్కలు. బొటనవేలు ఆనించుకోడానికి ఫ్లాష్ గూట్లో దూర్చే థంబ్ రెస్టు ఒకటి కొన్నాను. పెళ్ళిలో ఆ గూట్లో ఫ్లాష్ ఉంటుంది నాయనా! షట్టర్ మీద బిగించే మెత్తటి బొత్తాం వచ్చింది, నా కెమెరా బొత్తానికి మరే లేదు. బ్యాటరీ గ్రిప్పు చేతినిండా ఉంటుంది, బాగుంటుంది, రెండు బ్యాటరీలు పడ్డాక కందగడ్డ మోసినట్టుంటుంది. తమరి వెల్‌క్రోలో ఇరుక్కున్న తలంబ్రాలు ఏరితే మాత్రం ఒకరికి పరమాన్నం వండొచ్చు.

ఇంక తమరూ గిమరూ ఎందుకు. ఒరే, నీకు 899 రూపాయలు పోశాను. బ్యాటరీ తలుపు కెమెరాకి ఏ వైపు ఉంటుందో నిన్ను గీసినవాడికి తెలీదా? ప్లేటు ఆ మేరకి కాస్త కోసి ఉంటే నీ సొమ్మేం పోయేది? పోనీ స్క్రూకి మడిచే ఉంగరం ఒకటి తొడిగితే పెన్ను దూర్చి తిప్పుకునేవాణ్ణి కదరా. అట్టపెట్టె మీద నిన్ను పట్టుకున్న పిల్ల గోళ్ళ రంగు కూడా చెదరలేదు. ఆ పిల్లకి నువ్వెందుకు?

నా కోపమంతా ఎందుకంటే, ఒకసారి బిగిశాక నువ్వు పనికొచ్చేవాడివి. నీ తోలుపట్టీ చెయ్యి వెనకనుంచి కాస్తుంది, వేళ్ళు వదిలేసినా కెమెరా కిందపడదు. ఫొటోకీ ఫొటోకీ మధ్య వేళ్ళు విప్పి అల్లాడించుకుంటాను. ఆ సుఖం చిన్నది కాదు. నేను పని నేర్చుకున్నది యాషికా డబ్బా కెమెరా మీద. రెండు అరచేతుల్లో పెట్టుకుని, పొట్ట దగ్గర పట్టి, తలవంచి చూసేవాళ్ళం, పసిగుడ్డుని చూసినట్టు. రోలుకి 12 ఫొటోలు. ఇప్పుడు పెళ్ళికి మూడువేలు నొక్కమంటున్నారు. నువ్వు లేకపోతే నిరుడే షట్టరు దించేసేవాణ్ణి. స్టూడియో షట్టరు.

అందుకే నిన్ను చెత్తలో పడెయ్యకుండా నిన్న కొమ్ముపని ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. గేదె కొమ్ములో కొంగల్నీ రొయ్యల్నీ చెక్కే మనిషి, వేళ్ళు నాకంటే వంకర. నీ స్క్రూ గాడి చూశాడు, నా బొటనవేలు చూశాడు, ఏమీ అడగలేదు. లేత వంకాయంత కొమ్ముపిడి నున్నగా అరగదీసి, దాని కొసన రంపపు బద్ద ముక్క దిగ్గొట్టాడు. గుప్పిట్లో పట్టుకుని మోచెయ్యి తిప్పితే చాలు, నువ్వు ఊడొస్తున్నావు. అదే ఎనిమిది తిప్పులు, నొప్పి మాత్రం లేదు.

ఎంతివ్వమంటావని అడిగాను. డబ్బులొద్దన్నాడు. వచ్చే వారం మనవరాలి పెళ్ళట, ఫొటోలు తియ్యమన్నాడు. ముహూర్తం రాత్రి రెండున్నరకి.

ఇట్లు,
నీ పట్టీలో ఇరుక్కున్నవాడు