పూర్వజన్మ పరిచయస్థులతో వేగడం ఎలా?

మా మిత్రుడొకడు మెట్లెక్కుతూ ఉన్నట్టుండి ఆగిపోతాడు. వెనకవాళ్లు ఒకళ్లమీద ఒకళ్లు పడతారు. ఆయన చెయ్యెత్తి, కళ్లు అరమోడ్చి, "ఆగండి... ఇదంతా ఇంతకుముందు జరిగింది" అంటాడు. జరిగిన మాట నిజమే. నిన్నా ఇదే మెట్టుమీద ఆగాడు.

దీనికి 'దేజావూ' అన్న మాట 1876లోనే ఎమిల్ బొయిరాక్ అనే ఫ్రెంచి తత్వవేత్త లేఖలో కనబడుతుంది. మావాడికి ఆ గొడవ పట్టదు. ఆయనకిది పూర్వజన్మ, అందులో ఆయన రాజు. (పూర్వజన్మల్లో అందరూ రాజులే. మరి పన్నులెవరు కట్టారో!) మొన్న మెట్టుమీద ఇంకో అడుగు ముందుకేశాడు. "ఇప్పుడు గొడుగుతో ఓ ముసలాయన దిగుతాడు, చూడండి." అందరం మెడలు సాచాం. బకెట్టు పట్టుకుని ఓ కుర్రాడు దిగాడు. "అదే, చేతిలో ఏదో ఉంటుందన్నానుగా!"

ఆన్ క్లియరీ అనే సైకాలజిస్టు ఈ జోస్యాలనీ పరీక్షించి 2018లో ప్రచురించింది. ముందే తెలిసినట్టు అనిపించడమే తప్ప, గుడ్డిగా చెప్పినదానికన్నా ఒక్కటీ ఎక్కువ ఫలించలేదట. ఆ మాటే చెప్పాను. "నువ్విలా అంటావని నాకు ముందే తెలుసు" అన్నాడు.

దీనికి తిరగేసిన జబ్బు ఇంకోటుంది, జమేవూ: బాగా తెలిసిందే ఎన్నడూ చూడనట్టు అనిపించడం. 'తలుపు' అని వరసగా రాసుకుంటూ పొండి. కాసేపటికి మాట మాయమై, రెండు కొమ్ముల జంతువేదో కాగితంమీంచి మనల్ని చూస్తుంటుంది. క్రిస్ మౌలిన్, అకిరా ఓకానర్ బృందం విద్యార్థులచేత ఇలాగే రాయించి, 2023లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, ఆనక ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కొట్టేసింది. సుమారు 33 సార్లకే చాలామంది కలం పడేశారు. రోజూ పెట్టే సంతకం ఎవరిదోలా కనబడినప్పుడు మాత్రం మావాడు చెయ్యెత్తడు. "నిద్ర చాల్లేదు" అంటాడు. అక్కడ రాజుగారు లేరు మరి.

ఇంతవరకూ నవ్వులాటే. మా బంధువుల కుర్రాడొకడికి రోజుకి రెండు మూడుసార్లు ఇదంతా ముందే జరిగినట్టు అనిపించేది. వెంటనే లేని కాలిన వాసన, కడుపులోంచి ఏదో పైకి తన్నినట్టుండడం, ఆ తర్వాత కాసేపు పిలిచినా పలక్కపోవడం. టెంపోరల్ లోబ్ (కణత దగ్గరి మెదడు భాగం) మూర్ఛ చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. మందులున్నాయి దానికి! ఈ పెద్దమనుషులేం చేశారు? వాడికి అతీంద్రియ శక్తి అన్నారు. చేతులు కట్టుకుని నిలబడి ప్రశ్నలడిగారు. వాడు కళ్లు తేలేస్తే జవాబొస్తోందనుకున్నారు. పసివాడి మెదడు కాలుతుంటే చలి కాచుకున్నారు, సిగ్గులేని మనుషులు! రెండేళ్లు పోయాయి.

ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడు, బాగున్నాడు. మావాడే నిన్న మెట్టుమీద ఆగి, "పాపం, ఆ శక్తి పోయిందట కదా" అని నిట్టూర్చాడు.