గీత ఎక్కడ మొదలైంది?

విజయవాడ సత్యనారాయణపురంలో మాకు రెండు వీధుల అవతల పదో తరగతి చదివే అమ్మాయి ఉంది. చూపు బాగా తక్కువ. పుస్తకంలోని లెక్కను ఫోన్‌తో ఫొటో తీస్తే యాప్ పైకి చదువుతుంది. మొన్న పక్కన కూర్చుని నేనూ విన్నాను. ‘ఎక్స్ ప్లస్ ఒకటి బై రెండు’ అంది. భిన్నం గీత ఎక్స్ కింద నుంచీ ఉందా, ఒకటి కిందేనా? ఎక్స్ విలువ 3 అనుకుంటే ఒక లెక్కన 2 వస్తుంది, మరో లెక్కన మూడున్నర. ఆ పిల్ల రెండూ చేసి, పుస్తకం చివరి జవాబుతో కలిసినదాన్ని ఉంచుకుంటోంది. పరీక్షలో ఆ చివరి పేజీ ఉండదు.

ఫొటోలోని గుర్తులను పోల్చుకోవడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. చిక్కంతా చదవడంలోనే ఉంది. వాక్యం ఒకే వరసలో సాగుతుంది, లెక్క పైకీ కిందికీ పాకుతుంది. బడిలో మాస్టారు ‘ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్’ అంటారు. ఆ ‘హోల్’ ఎంత తెలివైన మాటో! కానీ ముందు ‘సి ప్లస్’ చేరితే ఆ హోల్ సి నుంచా, ఏ నుంచా? బోర్డు చూసేవాడికి బ్రాకెట్ కనిపిస్తుంది, వినేవాడికి ఏమీ లేదు. తెలుగులో ఇంకో మెలిక కూడా ఉంది. మనం ‘నాలుగింట మూడు’ అంటాం, కింది అంకె ముందొస్తుంది. ‘ఫలానా దాని వర్గమూలం’ అంటాం, మూలం అన్న సంగతి చివరికిగానీ తెలియదు. అందుకే ఇంగ్లిష్ చదువు పద్ధతిని మాటకు మాట మార్చేస్తే కుదరదు.

పుట్టుకతోనే చూపులేని అమెరికా గణిత ఆచార్యుడు అబ్రహాం నెమెత్ తనకు చదివిపెట్టేవాళ్లకు ఓ కట్టడి పెట్టుకున్నారు: భిన్నం మొదలైతే మొదలైందని, ముగిస్తే ముగిసిందని చెప్పాలి. మ్యాథ్‌స్పీక్ పద్ధతి అలా పుట్టింది. తెలుగుకు అలాంటి కట్టడిని మన లెక్కల మాస్టార్లే, చూపులేని విద్యార్థులను పక్కన కూర్చోబెట్టుకుని తేల్చాలి. కంపెనీలకు వదిలేసే పని కాదిది.

అసలు ఫొటో తీయాల్సిన ఖర్మ ఎందుకు? తెలుగు అచ్చు ఏళ్లతరబడి, అక్షరాలకు సొంత సంకేతాలు వాడే అను వంటి పాత ఫాంట్ల మీద నడిచింది. ఆ పీడీఎఫ్‌లో వాక్యం కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, పైకి చదివే సాఫ్ట్‌వేర్‌కూ అవే అందుతాయి. లెక్క నిర్మాణాన్ని చెదరనివ్వకుండా కంప్యూటర్‌లో రాసే పద్ధతి, మ్యాథ్‌ఎంఎల్, 1998 నుంచీ ఉంది. తెర మీది రాతను పైకి చదివే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏకు, లెక్కలు చదివే మ్యాథ్‌క్యాట్ తోడైతే బాణం మీటలతో లవంలోకి, హారంలోకి విడివిడిగా వెళ్లి వినొచ్చు. పుస్తకం ముద్రించే ప్రభుత్వం దగ్గరే మూలప్రతి ఉంటుంది. దాన్ని ఈ రూపంలో ఇవ్వడం దయ కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం పద్దెనిమిదేళ్ల వరకూ పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలంటోంది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఇంటర్‌లో సైన్స్ చదవడానికే కోర్టుకెళ్లాల్సి వచ్చింది, ఆ తర్వాత ఎంఐటీలో చదివారు. అందరి ఇళ్లకూ కోర్టు దాకా వెళ్లే ఓపిక ఉండదు.

ఆ అమ్మాయి యాప్ పక్కనపెట్టి ఇప్పుడు వాళ్ల నాన్న చేత చదివించుకుంటోంది. ‘నాన్నా, గీత మొదలైనప్పుడు చెప్పు, అయిపోయినప్పుడు చెప్పు’ అంటోంది. నెమెత్ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు.