షుగరు వస్తే అన్నాన్ని తిడతారు, ఆఫీసును మాత్రం అడగరు

మొన్న ఉదయం ఏడు దాటి పది నిమిషాలకు మా ల్యాబుకు ఒక అబ్బాయి వచ్చాడు. అబ్బాయి అంటున్నాను గానీ ముప్ఫై నాలుగేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఒక ప్రైవేటు సంస్థలో అప్పులు వసూలు చేసే ఉద్యోగం. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చేతికి పట్టీ బిగించి నరం వెతుకుతుండగానే ఫోను మోగింది. రెండో చేత్తో అందుకుని, "సార్, దారిలో ఉన్నాను సార్, పది నిమిషాల్లో ఊళ్ళో ఉంటాను సార్" అంటున్నాడు. నేను సూది దించినా ఆయనకు తెలియలేదు. సీసాలోకి రక్తం వస్తుంటే ఆయన చూపు గోడ గడియారం మీదే ఉంది.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. పరగడుపున షుగరు 168. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1. మొదటిది 126కు చేరినా, రెండోది 6.5కు చేరినా షుగరు వ్యాధి కిందే లెక్క. కాగితం చదువుకుని ఆయన నన్ను అడిగిన మొదటి మాట: "అక్కా, ఇది మా ఆఫీసువాళ్ళకు తెలుస్తుందా?"

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను. ఓపికగా చదవండి.

నేను ఒడిశాలోని రాయగడలో పదకొండేళ్ళుగా రక్త పరీక్షలు చేస్తున్నాను. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో కోంధులు మాట్లాడే కువి వినిపిస్తాయి. ఏ భాషవాళ్ళు వచ్చినా మా ఫారంలో అడిగేవి అవే: పేరు, వయసు, చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా. రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారు, రాత్రి డ్యూటీ ఉందా, మధ్యాహ్నం భోజనానికి కూర్చునే తీరిక ఉందా అని ఒక్క గడి కూడా లేదు. డాక్టరు అడగరు, మేము అడగము, ఇంట్లోవాళ్ళు అసలే అడగరు. షుగరు అని తెలియగానే చుట్టాలందరూ అన్నం మీద పడతారు. "అన్నం మానెయ్, కాకరకాయ రసం తాగు, మీ నాన్నకు ఉంది కాబట్టి నీకూ వచ్చింది" అని తీర్పు చెప్పేస్తారు. ఆ మనిషి తల దించుకుని వింటాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

వంశపారంపర్యం లేదనడం లేదు. పొట్ట చుట్టూ కొవ్వు, కదలకపోవడం, పాలిష్ పట్టిన బియ్యం, ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ మా తాతల కాలంలోనూ పొద్దున చద్దన్నమే తిన్నారు, ఇక్కడి ఒడియావాళ్ళు నీళ్ళలో నానిన అన్నం, పఖాళ తిన్నారు. మారిన వాటిలో తిండి ఒక్కటే ఉందా? మనం పని చేసే తీరు మారలేదా?

ఒత్తిడి అంటే మనసుకు సంబంధించిన సంగతేననీ, గట్టివాళ్ళకు అది అంటదనీ చాలామంది అనుకుంటారు. పొలం గట్టు మీద ఎద్దు తరిమితే ఒంట్లో ఏమవుతుందో చూడండి. అడ్రినలిన్, కార్టిజాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది, రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ పట్టు సడలుతుంది. పరుగెత్తుతాం, ఆ చక్కెర ఖర్చయిపోతుంది, ఎద్దు వెళ్ళిపోతుంది. పై అధికారి ఫోను వచ్చినప్పుడూ శరీరం చేసేది అదే పని. కాకపోతే అప్పుడు మనం కుర్చీలోనో బండి మీదో ఉంటాం. చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. ఈ ఎద్దు రోజుకు ఇరవై సార్లు తరుముతుంది, ఏళ్ళ తరబడి.

ఇది నా ఊహ కాదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ప్రాంతంలో ఉద్యోగాలు చేసే 5,337 మందిని సగటున పన్నెండేళ్ళకు పైగా గమనించి 2014లో ఫలితాలు ప్రచురించారు. పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్ళకు షుగరు వచ్చే ముప్పు 45 శాతం ఎక్కువని తేలింది. లావుగా ఉన్నారా సన్నగా ఉన్నారా అన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. అదే ఏడాది యూరప్‌లోని పదమూడు అధ్యయనాలను కలిపి, లక్షా ఇరవై నాలుగు వేల మందికి పైగా లెక్క చూస్తే తేడా 15 శాతమే కనిపించింది. చిన్న అంకెను దాచి పెద్ద అంకెతో భయపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ ఉద్యోగం అనేది ఎవరో కొద్దిమందికి ఉండేది కాదు కదా! 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, షుగరుకు దగ్గరలో ఉండి మేము 'బోర్డర్‌లో ఉంది' అనేవాళ్ళు మరో 13.6 కోట్లు. ఇన్ని కోట్ల మందికి వచ్చే జబ్బు ముప్పు 15 శాతం పెరగడం అంటే చిన్న మాటా?

ఆ జర్మనీ, యూరప్ పరిశోధకులు ఒత్తిడి అన్నది ఊరికే పని ఎక్కువ కావడాన్ని కాదు. పని బరువు మెడ మీద ఉండి, పగ్గాలు మాత్రం ఇంకొకరి చేతిలో ఉండటాన్ని. ఏ ఊరు ముందు వెళ్ళాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే హక్కు లేకపోవడాన్ని. కోల్నారా, బిస్సంకటక్ దారుల్లో ఎండనపడి తిరిగి, కట్టలేనివాళ్ళ గుమ్మంలో నిలబడి, సాయంత్రం టార్గెట్ నిండలేదని మాటలు పడే ఆ అబ్బాయి బతుకు అదే. 2015లో రెండు లక్షల ఇరవై రెండు వేల మంది వివరాలు కలిపి చూసిన మరో పరిశీలన ఉంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళలో షుగరు ముప్పు దాదాపు 30 శాతం పెరిగింది, అదీ చిన్న ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకే. పెద్ద హోదాల్లో అంతే గంటలు పనిచేసినవాళ్ళలో ఆ పెరుగుదల కనిపించలేదు. ఇది చదివినప్పుడు నాకు కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఇంటి సంగతి కూడా చెబుతాను. మావారు ఒక కర్మాగారంలో పనిచేస్తారు. వారానికో షిఫ్టు. సి షిఫ్టు వారంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా డ్యూటీ. రెండున్నరకు క్యాంటీనులో దొరికేవి టీ, పూరీ, పకోడీ. ఇంటికి వచ్చి పడుకుంటే, కిటికీలకు దుప్పట్లు కట్టినా పదకొండింటికల్లా ఎండకు మెలకువ వచ్చేస్తుంది. ఆ వారం నిద్ర సగం కూడా ఉండదు. 1999లో షికాగోలో ఆరోగ్యంగా ఉన్న పదకొండు మంది కుర్రవాళ్ళను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆరు రాత్రులకే వాళ్ళ శరీరాలు చక్కెరను సరిగా వాడుకోలేకపోయాయి. మావారివి పద్నాలుగేళ్ళ రాత్రులు. పోయిన ఏడాది నేనే పరీక్ష చేశాను: హెచ్‌బీఏ1సీ 6.2. బోర్డర్.

సెలవు పెట్టుకుని, రైలెక్కి విశాఖ వెళ్ళాం. డాక్టరు మంచివారు. ఓపికగా చెప్పారు: ఒత్తిడి తగ్గించుకోండి, ఏడు గంటలు నిద్రపోండి, రోజూ ఒకే వేళకు తినండి. మావారు తల ఊపారు. తిరిగి స్టేషనుకు వస్తూ ఆటోలో నన్ను అడిగారు, "ఏ వేళకు?" అని.

నా దగ్గర జవాబు లేదు. వాళ్ళ దగ్గర షిఫ్టులు రాత్రి సి నుంచి మధ్యాహ్నం బికి, బి నుంచి పొద్దుటి ఎకు, అలా వెనక్కి మారుతాయి. ముందుకు మారితే, అంటే ఎ తరవాత బి, ఆ తరవాత సి వస్తే, శరీరం కాస్త సులువుగా సర్దుకుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు. మావారు వెళ్ళి అడిగితే "అందరికీ లేని బాధ నీకేమిటి?" అన్నారట. అందరికీ ఉంది సార్. వాళ్ళ రక్తం నేను రోజూ చూస్తున్నాను.

బోర్డర్‌లో ఉన్నవాళ్ళు తిండి మార్చి, నడక పెంచితే షుగరు వచ్చే అవకాశం దాదాపు 28 శాతం తగ్గుతుందని 2006లో వచ్చిన మన దేశపు అధ్యయనమే చూపింది. మార్గం ఉంది. ఆ మార్గాన నడవడానికి అరగంట ఉద్యోగి నిద్రలోంచి కోసుకోవాలా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఐదు గంటల పనికి మించకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలని రాశారు. బండి మీద తిరిగే వసూలు ఉద్యోగికి ఆ పాటి అరగంట ఎవరు ఇస్తున్నారు? సంస్థలు నడిపేవాళ్ళకు నా మాట: ఏడాదికి ఒకసారి పని వేళల్లోనే పరీక్ష చేయించి, ఆ రిపోర్టు ఉద్యోగి చేతికే ఇవ్వండి. ఉద్యోగం పోతుందన్న భయంతో జబ్బు దాచుకునేవాడు మందులు కూడా దాచుకునే మింగుతాడు, లేదా మానేస్తాడు. రాత్రి ఎనిమిది దాటాక టార్గెట్ ఫోన్లు ఆపండి. క్యాంటీనులో రాత్రిపూట పకోడీ బదులు ఉడికించిన శనగలు, గుడ్డు పెట్టండి. ఇవి అంత పెద్ద కోరికలా?

గత వారం నుంచి మా ఫారం అడుగున నేనే చేత్తో గీత గీసి 'పని గంటలు' అని రాస్తున్నాను. మా ల్యాబు యజమాని చూసి ఏమీ అనలేదు.

సి షిఫ్టు దిగి నేరుగా ల్యాబుకు వచ్చేవాళ్ళకు రెండు మాటలు. తెల్లవారుజామున నాలుగింటికి టీ, బిస్కెట్ తీసుకుని ఉంటే అది పరగడుపు కాదు, మొహమాటపడకుండా చెప్పండి. పరగడుపు అంటే ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. మన ప్రాంతంలో చాలామందికి ఉండే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) గానీ, రక్తహీనత గానీ మీకు ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె తప్పుదారి పట్టించవచ్చు, ఆ సంగతి సూది గుచ్చకముందే చెప్పండి. ముప్ఫై దాటినవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగరు పరీక్ష ఉచితంగానే చేస్తారు. అక్కడి కాగితాలు ఒడియాలో ఉంటాయి, చదవడం రాకపోతే నా దగ్గరకు తీసుకురండి, చదివి చెబుతాను. మీ రిపోర్టు మీ చేతికి తప్ప ఎవరికీ ఇవ్వను.