మారినవాడు డిస్కౌంట్ ఇవ్వాలంట

ఇప్పుడే షాపు షట్టర్ దించాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా. తప్పులుంటే సర్దుకు చదువుకోండి.

శనివారం మా ఆత్రేయపురం వైపు ఎలా ఉంటుందో వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. వాడపల్లి వెంకన్న గుడిలో ఏడు ప్రదక్షిణలు చేసి, ఏడు శనివారాల మొక్కులో తమకిది ఎన్నో వారమో వేళ్లమీద లెక్కేసుకుంటూ జనం మా రోడ్డు మీదకొస్తారు. సాయంత్రం నాలుగింటికి మా పూతరేకుల షాపు కౌంటర్ ముందు పదిమంది ఉన్నారు. బెల్లంవి ఎన్ని, పంచదారవి ఎన్ని, డ్రైఫ్రూట్‌వి ఎన్ని అని నేను లెక్క చూసుకుంటుంటే, మా ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి అడక్కుండానే నన్ను ఆ పదిమందికీ పరిచయం చేశాడు.

"వీడెవడనుకుంటున్నారు? ఒకప్పుడు పేకాట, కోడిపందేలు, మందు. పోలీస్ స్టేషన్లో కూడా కూర్చున్నాడు. వెంకన్న దయవల్ల మనిషయ్యాడు. ఇప్పుడు చూడండి ఎంత వినయమో!"

హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకావిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి, కౌంటర్ మీద పెట్టిన పర్సు తీసి చంకలో పెట్టుకుంది. చాలా సంతోషం.

అక్కడితో ఆగాడా? "నాలుగు బాక్సులు కట్టరా. దేవుడు నీకింత ఇచ్చాడు, నువ్వో వంద తగ్గించలేవా?"

అదండీ సంగతి. చెడిపోయినన్నాళ్లూ పరువు తీశారు, బాగుపడితే రేటు తగ్గించమంటున్నారు. ఎప్పుడూ చెడిపోనివాళ్ల షాపుల దగ్గర ఈయన బేరమాడడు. అక్కడ "ఆయ్, ఎంతైతే అంతేనండీ" అని ఫోన్‌పే కొట్టి వచ్చేస్తాడు. నా దగ్గరకొచ్చేసరికి మాత్రం నా పాత జీవితం ఈయనకి డిస్కౌంట్ కూపన్.

ఇక నా కథ చెప్పమని అడిగేవాళ్లది ఇంకో రకం. వాళ్లకి గర్భగుడి ముందు నేను కుప్పకూలిపోవాలి, కళ్లవెంట నీళ్లు ధారగా కారాలి. అలాంటిదేం జరగలేదు మహాప్రభో. మొదటి శనివారం నేను గుడికెళ్లింది అప్పులవాడు మా వీధి అరుగు మీద కూర్చున్నాడని. గుళ్లో అయితే బూతులు తిట్టడు కదా, అదీ నా భక్తి. ఎర్రచందనం స్వామి చుట్టూ గోవిందా గోవిందా అని తిరుగుతూ, నేను మాత్రం గుండాట జూదంలో ఈసారి ఏ బొమ్మ పడుతుందా అని ఆలోచిస్తున్నాను. మూడో వారం మానేద్దామనుకున్నా. అమ్మ ఒక్కమాట అనలేదు. ముందే వెళ్లి బస్సెక్కి, పక్కసీట్లో చేతిసంచి పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కండక్టర్ సంచి తియ్యమంటే "మావాడొస్తాడు బాబూ" అంది. నేను కిళ్లీకొట్టు దగ్గర నిలబడి ఇదంతా వింటున్నా. ఏం చేస్తాను, ఎక్కాను.

అలా ఏడు వారాలూ అయ్యాయి. నా జీవితంలో వరుసగా ఏడు వారాలు చేసిన మొదటి పని అది. పేకాటకి కూడా అన్ని వారాలు వరుసగా వెళ్లలేదు, మధ్యలో అప్పు పుట్టేది కాదు. స్వామి నన్ను మార్చాడా అంటే, మార్చాడనే నమ్ముతాను. ఎలా మార్చాడని అడక్కండి. ఎనిమిదో శనివారం కూడా వెళ్లాను, అంతే తెలుసు.

వ్యాపారం సంగతంటారా? అమ్మ డ్వాక్రా లోనుతో మొదలైంది. నా తెలివితేటలు ఏమీ లేవు. అప్పటిదాకా అమ్మ వేరేవాళ్ల ఇంట్లో రేకులు తీసేది. పూతరేకు ఎలా తీస్తారో తెలియనివాళ్లకి ఒక్కసారి చూపించాలి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. జయ బియ్యం నానబెట్టి రుబ్బి, పాలకన్నా పలచగా కలిపిన పిండి. గుడ్డ అందులో ముంచి ఆ కాలే కుండ మీద ఒక్క లాగు లాగాలి. చెయ్యి ఒక్క క్షణం ఆగితే మందం అయిపోతుంది, తొందరపడితే చిరుగుతుంది. రేకు అంచు లేవగానే రెండు చేతుల్తో ఎత్తి పక్కన పెట్టాలి. అలా రోజంతా, పొగలో, నేలమీద కూర్చుని. ఆ రేకుల్నే మా షాపుకొచ్చి "కాగితంలా ఉందేంటండీ, ఇది తినచ్చా?" అంటారు. తినకండి, పరీక్ష రాయండి దాని మీద.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు శాలువాలూ ఫోటోలూ చూశాను. కుండ దగ్గర కూర్చునే ఆడవాళ్లు ఎన్ని ఫోటోల్లో ఉన్నారో మీరే వెతుక్కోండి. నన్ను చూసి "కష్టపడి పైకొచ్చాడు" అంటారు. నేను పడిన కష్టం టీవీఎస్ మోపెడ్ మీద బాక్సులు కట్టుకుని రావులపాలెం హైవే దాకా వెళ్లడం. కళ్లు మండింది అమ్మకి.

అసలు చెడిపోయాడు చెడిపోయాడు అంటున్నారు, కోడిపందేల బరి దారి నాకెవరు చూపించారో ఒక్కరైనా అడిగారా? మా సొంత బాబాయి. పదమూడేళ్లప్పుడు భోగి రోజు సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. పదిహేనో ఎక్కం రాని వయసులో పందెం పుంజుల్లో డేగకీ కాకికీ తేడా, నెమలి ఏ రోజు గెలుస్తుందో అన్నీ నేర్పాడు. నేను మొదటిసారి పందెం గెలిస్తే భుజాలమీద ఎత్తుకున్నాడు. 2016 డిసెంబరులో హైకోర్టు పందేలు ఆపించమంటే, మా బాబాయి చట్టాన్ని గౌరవించి బరిని రోడ్డు పక్కనుంచి కొబ్బరితోట లోపలికి మార్చాడు.

పాలిచ్చే గేదెని అమ్మి గుండాట బల్ల మీద పెట్టేశాను ఒక కనుమ ముందు రాత్రి. తెల్లారి అమ్మ పాలగిన్నె పట్టుకుని పాకలోకి వెళ్లింది. గూటానికి తాడు ఒక్కటే ఉంది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక గిన్నె కడిగి బోర్లించింది. నన్నేమీ అడగలేదు. ఆ రోజు మా బాబాయి ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? "వీడు మన వంశంలో పుట్టాల్సినవాడు కాదు వదినా" అన్నాడు! గేదెకి బేరం కుదిర్చింది ఆయనే, కమిషన్ కూడా తీసుకున్నాడు.

ఇప్పుడు ఆయనకి నేను "మావాడు". పెళ్లిళ్లలో భుజం మీద చెయ్యేసి ఫోటోలు. మొన్న ఫోన్ చేసి ఏమన్నాడంటే, "సంక్రాంతికి బరి దగ్గర స్టాల్ పెట్టుకోరా, మూడు రోజుల్లో లక్షలు చూస్తావు, జాగా నేనిప్పిస్తా." కుదరదు బాబాయ్ అన్నాను. "దేవుడి దగ్గర అమ్ముకోవచ్చు గానీ పందెం దగ్గర అమ్ముకోకూడదా?" అన్నాడు. ఈ మాటకి నాకు ఇప్పటిదాకా సరైన జవాబు దొరకలేదు, అది వేరే మంట.

సరే, పెద్దమనిషి సంగతికి వస్తా. వంద కాదు, రూపాయి తగ్గించలేదు. మొహం మాడ్చుకుని డబ్బులిచ్చాడు. ఈలోపు లోపల్నుంచి అమ్మ వచ్చి, విడిగా నాలుగు రేకులు కాగితంలో చుట్టి "పిల్లలకివ్వండి అన్నయ్యగారూ" అని చేతిలో పెట్టింది. కస్టమర్లు వెళ్లేదాకా పళ్లు బిగబట్టి ఊరుకున్నా. వెళ్లాక అరిచాను, పదిమందిలో నా పరువు తీసినవాడికి ఫ్రీగా కడతావా అని.

అమ్మ నెయ్యి డబ్బా మూత పెడుతూ అంది. "ఆ రాత్రి స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టి నిన్ను విడిపించింది ఆయనే కదరా. మీ బాబాయి ఫోను కూడా ఎత్తలేదు."

తెలుసు. పదిమందికీ అన్నీ చెప్పిన మనిషి ఆ ఒక్కటీ చెప్పలేదు, అదీ తెలుసు.

అయినా సరే, వచ్చే శనివారం కూడా వంద తగ్గించను.