అవ్వా, బువ్వా రెండూ ఇస్తారట!

సిగరెట్లు, మద్యం, బొగ్గు షేర్లు ముట్టుకోం, మంచి కంపెనీలవే కొంటాం, అయినా మీ రాబడి తగ్గదు, కుదిరితే ఇంకాస్త పెరుగుతుంది... ఈఎస్‌జీ ఫండ్లు (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన చూసి షేర్లు కొనే ఫండ్లు) అమ్మేవాళ్లు ఏళ్లుగా పాడుతున్న పాట ఇది.

2022లో అమెరికా ఎస్‌అండ్‌పీ 500 సూచీ 19 శాతం పైనే పడితే అందులోని చమురు, గ్యాస్ రంగం మాత్రం దాదాపు 60 శాతం లేచింది. చమురు వద్దనుకున్నవాళ్లకి ఆ లాభం దక్కలేదు, దక్కదు కూడా, దానికి మాకేం అభ్యంతరం లేదు. మా ఒళ్లు మండేది ఇంకోచోట. 2020లో తమ ఫండ్లలోని టెక్ షేర్లు ఎగిరినప్పుడు చూశారా విలువల మహిమ అన్నవాళ్లే, 2022లో విలువల ఊసెత్తకుండా మార్కెట్ బాలేదండీ, లాంగ్ టర్మ్ చూడాలి అని తప్పుకున్నారు. లాభమొస్తే ధర్మం, నష్టమొస్తే మార్కెట్టా?

విలువలు చూసి కొంటే నష్టం లేదనే పరిశోధనలూ ఉన్నాయి, కాదనం. కానీ అందరూ దూరం పెట్టే పొగాకు, మద్యం, జూదం షేర్లే ఎక్కువ రాబడి ఇచ్చాయని 2009లో హాంగ్, కాస్పర్‌చిక్ అనే పరిశోధకులు తేల్చారు. ఇందులో వింతేం లేదు, వద్దనేవాళ్లు ఎక్కువైతే ధర దిగుతుంది, దిగిన ధరకి కొన్నోడికి మిగులుతుంది.

కాలిఫోర్నియా ఉద్యోగుల పెన్షన్ ఫండ్ కాల్‌పర్స్ 2000లో పొగాకు షేర్లు వద్దనుకుంది, దానివల్ల పోయిన లాభం 300 కోట్ల డాలర్లు దాటిందని తర్వాత లెక్క తేలింది, 2016లో ఆ లెక్క ముందు పెట్టుకుని మళ్లీ ఓటేసి అయినా వద్దే అన్నారు. ఒప్పుకోండి ఒప్పుకోకపోండి, దాపరికం లేదు.

మరి ఈ ఈఎస్‌జీ ఫండ్ల సంగతో? ఫండ్ వివరాలుండే ఫ్యాక్ట్‌షీట్ తెరవండి. అట్ట మీద పచ్చటి ఆకు, లోపల మొదటి పది పేర్లు చాలా వాటిల్లో సూచీలో ఉన్నవే కొనే మామూలు ఇండెక్స్ ఫండ్లో ఉండే పెద్ద టెక్ కంపెనీలే, ఫీజు మాత్రం కాస్త ఎక్కువ (ఆకు బొమ్మ ఊరికే రాదు కదా). 2022 మేలో ఎస్‌అండ్‌పీ 500 ఈఎస్‌జీ సూచీ నుంచి కరెంటు కార్ల టెస్లా బయటికి పోయింది, చమురు కంపెనీ ఎక్సాన్ మాత్రం లోపలే ఉంది! ఈఎస్‌జీ గురించి చెప్పిందొకటి చేసిందొకటి అని 2023లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, డీడబ్ల్యూఎస్ అనే ఫండ్ కంపెనీకి 1.9 కోట్ల డాలర్ల ఫైన్ వేసింది.

మనస్సాక్షి కోసం రాబడి కొంత వదులుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లనడిగితే సరేనంటారు, కానీ ముందు అడగాలిగా. రాబడి తగ్గొచ్చు అని మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయండి. చేతకాదా, ఆ ఆకు బొమ్మ పీకేయండి.