ఇచ్చిన అక్షరాల్లో ఇంగ్లిష్ మాట: కంటితో వెతకాలా, కంప్యూటర్‌తోనా?

(అక్షరాల బిళ్లల్ని, అంటే టైల్స్‌ని, బోర్డు మీద పేర్చి మాటలు కట్టే ఆట స్క్రాబుల్. అది నేర్పే మాస్టారికీ, పదాలు వెతికే ప్రోగ్రాములు రాసే లలితకీ వాదన. ముందున్న ఏడు టైల్స్: ఏ, ఈ, జీ, ఐ, ఎన్, ఎస్, టీ.)

మాస్టారు: ఐ, ఎన్, జీ కనబడగానే ఆ మూడింటినీ, టైల్స్ నిలబెట్టుకునే ర్యాక్‌లో కుడి చివరికి జరపాలమ్మా. ఏడు వేర్వేరు అక్షరాల్ని 5040 రకాలుగా పేర్చొచ్చు. మూడింటిని చివర కదలకుండా పెడితే మిగిలేవి నాలుగే, అంటే 24 రకాలు. ఎస్, ఈ, ఏ, టీలని అటూ ఇటూ మార్చు: సీటింగ్, టీజింగ్, ఈస్టింగ్. నిమిషం చాలు.

లలిత: ఆ మూడూ కదలకపోవడం వల్లే మిగతా మాటలు కనబడవు మాస్టారూ. అవే ఏడింటితో జెనిస్టా ఉంది, పసుపు పూల పొద. ఇంజెస్టా ఉంది, ఒంట్లోకి తీసుకున్న తిండి. ఒకదాంట్లో ఆ మూడు అక్షరాలూ చెదిరిపోయాయి, ఇంకోదాంట్లో ముందుకొచ్చేశాయి. బోర్డు మీద జెనిస్టా మాత్రమే పట్టే చోటుంటే మీ పద్ధతి ఏం చేస్తుంది?

మాస్టారు: చివర కుదరకపోతే విప్పి ముందు పెట్టమని కూడా నేర్పుతాను. తర్వాత ఆర్-ఈ, యూ-ఎన్ ముందుకు, ఈ-డీ, ఈ-ఆర్ వెనక్కి. అదీ కాకపోతే ఎస్-హెచ్, సీ-హెచ్, ఎస్-టీ లాంటి జంటలు. ఇంతకీ నీ ప్రోగ్రాము 5040 రకాలూ పేర్చి చూస్తుందా?

లలిత: అలా రాస్తే చెత్త ప్రోగ్రామే. జాబితాలో ఉన్న ప్రతి మాట అక్షరాల్నీ ఒక్కసారి ఏ నుంచి జెడ్ వరసలో పేరుస్తాను. ఆ వరసే దాని కీ. సీటింగ్ కీ, జెనిస్టా కీ ఒకటే: ఏ-ఈ-జీ-ఐ-ఎన్-ఎస్-టీ. చేతిలో ఉన్న టైల్స్‌నీ అలాగే పేర్చి, ఆ కీ కింద ఏమున్నాయో చూడటమే. వెతకడం ఒక్కసారే. చిన్న మాటలు కూడా కావాలంటే ఏడింట్లోంచి తీయగల గుంపులు 127, అన్నీ చూసినా రెప్పపాటు పట్టదు. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ టైల్ ఉంటే దాని చోట 26 అక్షరాలూ పెట్టి చూడాలి, అంతే.

ఇంకో సంగతి. మన తెలుగు పిల్లలు చెవితో వెతుకుతారు. మనకు రాసినట్టే పలకడం అలవాటు కదా. పలకని పీతో, కేతో మొదలయ్యే మాటలు అందుకే తట్టవు. కీకి చెవి లేదు, అది పొరపడదు.

మాస్టారు: పొరపడేది అడిగే మనిషి. 'ఈ అక్షరాలున్న మాట' అంటే ఏమిటో ముందు చెప్పు. ఈ అక్షరాలతోనే తయారయ్యేదా? ఇవన్నీ ఉండి, వేరేవి కూడా ఉండొచ్చా? ఒక్కో అక్షరాన్నీ ఎన్నిసార్లయినా వాడొచ్చా? స్క్రాబుల్‌ది మొదటి ప్రశ్న. న్యూయార్క్ టైమ్స్ పత్రిక నడిపే స్పెల్లింగ్ బీ ఆటలో ఏడు అక్షరాల్లో దేన్నైనా మళ్లీ మళ్లీ వాడొచ్చు, కాకపోతే నడిమి అక్షరం తప్పనిసరి, మాటకు నాలుగు అక్షరాలైనా ఉండాలి. ఆ ఆటకు నీ కీ పనికిరాదు.

లలిత: నిజమే, దానికి వేరే పరీక్ష రాయాలి. మాటలో వచ్చిన అక్షరాలన్నీ ఆ ఏడింట్లోవేనా, నడిమిది ఉందా, ఈ రెండే చూడాలి. ఎన్నిసార్లు వచ్చాయో లెక్కే అక్కర్లేదు.

మాస్టారు: వర్డిల్‌లో ఆ లెక్క లేకపోతే కొంప మునుగుతుంది. అందులో దాచిన అయిదక్షరాల మాటని ఊహించాలి; ఉన్నా చోటు తప్పిన అక్షరానికి పసుపు, లేనిదానికి బూడిద. జవాబు అబైడ్ అనుకో, నువ్వు స్పీడ్ కొట్టావు. స్పీడ్‌లో మొదటి 'ఈ' అక్షరం పసుపు, రెండో 'ఈ' బూడిద రంగు. బూడిద పడింది కదా అని ప్రోగ్రాము 'ఈ' అక్షరం ఉన్న మాటలన్నీ తీసిపారేస్తే జవాబే పోయింది. ఆ బూడిదకి అర్థం 'ఈ' అక్షరం లేదని కాదు, ఒకటికి మించి లేదని.

లలిత: అందుకే ఉందా లేదా అని కాకుండా, అక్షరానికి కనీసం ఎన్ని, గరిష్ఠం ఎన్ని అని రెండు అంకెలు పెట్టుకోవాలి. పసుపు కనీసాన్ని పెంచుతుంది, దాంతో పాటు పడ్డ బూడిద గరిష్ఠాన్ని బిగిస్తుంది. ఈ రెండు అంకెలు లేని సాధనాన్ని నేనూ వాడొద్దనే అంటాను.

మాస్టారు: మరి జాబితా? లినక్స్‌తో వచ్చే పదాల ఫైలు తీసుకుంటే మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా దొర్లుతాయి. స్క్రాబుల్ పోటీలకు వాడే కాలిన్స్ జాబితాలో 2,80,000 పైచిలుకు మాటలు. ఉత్తర అమెరికా జాబితాలో 2 లక్షలకు కాస్త తక్కువే. జెడ్-ఓ అనే రెండక్షరాల మాట కాలిన్స్‌లో చెల్లుతుంది, ఉత్తర అమెరికాలో చెల్లదు. ఏ జాబితాలో వెతికిందో చెప్పని సాధనాన్ని నమ్మి పిల్లలు పోటీకెళ్తే టర్న్ పోగొట్టుకుంటారు. పైగా పోటీలో ఫోన్ తీయనివ్వరు. ఏడు టైల్స్ ఒకేసారి వేస్తే వచ్చే 50 పాయింట్లు తలలో ఉన్న మాటకే.

లలిత: ఆ తలలోకి ఎక్కించడానికే జాబితా. న్యూజిలాండ్‌లో పుట్టిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు, ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే. ముందుగా ఫ్రెంచ్ పదాల జాబితా కంఠస్థం చేశాడు, అర్థాలు కాదు.

మాస్టారు: ఆయన పక్కన యంత్రం లేదుగా!

లలిత: లేదు. కానీ ర్యాక్ మీద టైల్స్‌ని అక్షర క్రమంలో పేర్చుకోవడం మంచి ఆటగాళ్లలో ఎంతోమందికి అలవాటు. అది నా కీయే కదా. ఏ-ఈ-ఐ-ఎన్-ఆర్-ఎస్-టీ చూడగానే రీటెయిన్స్, నాస్టియర్, స్టెయినర్, యాంట్సియర్ తట్టాలి. బోర్డు మీద జీ దొరికితే యాంగ్రియస్ట్, గాంట్రీస్, ఇన్‌గ్రేట్స్. పీ దొరికితే పెయింటర్స్, ప్యాంట్రీస్, పర్టెయిన్స్. ఇవి ముందు నేర్పాలి. ఎందుకంటే వంద టైల్స్‌లో ఈలు 12, ఏలు 9, ఐలు 9. క్యూ ఒక్కటే. నిఘంటువు వరసలో 'ఏ' అక్షరం దగ్గర మొదలుపెట్టించడం దండగ.

మాస్టారు: అది ఒప్పుకుంటాను. అయితే మాటలు నేర్పే కార్డుకి ఒకవైపు కీ మాత్రమే ఉండాలి, మాటలు వెనకవైపు. కీ కింద ఎన్ని మాటలున్నాయో అంకె వెయ్యి. లేకపోతే రెండు దొరకగానే ఆగిపోతారు.

లలిత: పోటీలో ఆ అంకె ఎవరూ చెప్పరు మాస్టారూ. అంకె చూసి వెతకడం అలవాటైతే అది లేనిచోట మొదటి మాటకే ఆగుతారు.

మాస్టారు: మొదటి విడత కార్డులకు అంకె ఉంచు. రెండో విడతకి తీసెయ్. మూడో విడతలో, ఒక్క మాట కూడా లేని కీలు కొన్ని కలుపు. లేని మాట కోసం ఎంతసేపు వెతకాలో తెలియడం కూడా ఆటలో భాగమే.