బడిలో సూది పట్టిస్తే జీన్స్ ఫ్యాక్టరీకి పంపినట్టేనా?

మా కష్టం మాతోనే పోవాల, పిల్లోళ్లకు మాత్రం ఈ పని వద్దు. ధర్మవరంలో మగ్గమున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. జమ్మలమడుగు వైపు వెళ్లినా, ఎమ్మిగనూరు వెళ్లినా పెద్దగా తేడా ఉండదు. అందుకే బడుల్లోకి నేత కళాకారులనో ఎంబ్రాయిడరీ చేసేవాళ్లనో పిలిపించి పిల్లలతో గుడ్డ మీద, కుట్టు మీద ప్రాజెక్టులు చేయిద్దాం అని ఎవరైనా అంటే ఇక్కడి తల్లిదండ్రులు ముందు అనుమానంగా చూస్తారు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 1953లో, మన రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, రాజాజీ ప్రభుత్వం పల్లె బడుల కోసం ఒక పద్ధతి తెచ్చింది: కాసేపు బడి, మిగతా పూట ఇంట్లో తల్లిదండ్రుల పని నేర్చుకోవడం. కులవిద్య అని జనం తిట్టిపోశారు, మరుసటి ఏడాదికల్లా రద్దయింది. నేతగాడి కొడుకు నేతగాడే కావాలా అన్న ప్రశ్న అప్పుడెంత సూటిగా ఉందో ఇప్పుడూ అంతే.

అయినా బడిలో కుట్టు ఉండాల్సిందే అంటాను, ఒకే షరతు మీద. దానికి ఉపాధి అని పేరు పెట్టకూడదు.

"పది తప్పితే కనీసం టైలరింగ్ అయినా చేసుకుంటుంది" అన్న లెక్కతో క్లాసు మొదలుపెడితే అందులో కూర్చున్న పిల్లల మీద మొదటిరోజే ఒక ముద్ర పడిపోతుంది, వీళ్లు చదువు రానోళ్లు అని. మనకు జరుగుతున్నది చాలావరకు ఇదే. కుట్టు నేర్పడం అంటే నాలుగు మిషన్లు తెచ్చి ఒక గదిలో పెట్టడం, ఆడపిల్లలను మాత్రమే పిలవడం, జాకెట్టు కటింగ్ దగ్గర మొదలుపెట్టడం, ఫొటో దిగడం. ఆ వరండాలోంచి మగపిల్లలు తొంగిచూసి నవ్వుకుంటూ పోతారు.

ఆ నవ్వు ఎంత వింతో రాయదుర్గం వెళ్తే తెలుస్తుంది. ఊరంతా జీన్స్ ప్యాంట్లు కుట్టే పనే, మిషన్ల మీద కూర్చున్నవాళ్లలో మగవాళ్లు ఎంతమందో చూడండి. బజార్లో ప్యాంటు, చొక్కా కుట్టే టైలరు మగవాడు. ధర్మవరంలో గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చునేదీ ఎక్కువగా మగవాళ్లే. డబ్బులొచ్చే కుట్టు మగవాళ్లది, ఇంట్లో ఊడిన గుండీ, చినిగిన జేబు, మాసిక వేయడం మాత్రం ఆడవాళ్ల వంతు. బడి ఈ పంపకాన్నే మళ్లీ పాఠంగా చెబితే ఇంక బడి ఎందుకు? జపాన్‌లో ఐదో తరగతి నుంచి మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకే గదిలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తారు. వాళ్లందరినీ టైలర్లను చేయాలని కాదు కదా.

మరి కళాకారులే ఎందుకు, ఉన్న టీచరు నేర్పకూడదా అంటారు. కుట్లు నేర్పొచ్చు, గొలుసు కుట్టు, కాడ కుట్టు యూట్యూబ్ చూసి కూడా వస్తాయి. కానీ గుడ్డ మీద ఏం వేయాలి, ఎక్కడ ఆపాలి, ఈ రంగు పక్కన ఆ రంగు ఎందుకు చచ్చిపోయినట్టు కనిపిస్తోంది, ఇవి రోజూ ఆ పనిలో ఉన్న మనిషి చూపులో ఉంటాయి.

లేపాక్షినే తీసుకుందాం. బడి పిల్లలను బస్సుల్లో తీసుకెళ్తాం, వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగిస్తాం, నంది ముందు గ్రూప్ ఫొటో తీస్తాం, వచ్చేస్తాం. వీరభద్రాలయం పైకప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మల్లో ఆడవాళ్లు కట్టుకున్న చీరల అంచులు, మగవాళ్ల పంచెల గళ్లు, బుటాలు ఎన్ని రకాలో ఎవరూ తలెత్తి చూడరు. లతా మండపం స్తంభాల మీది తీగలు, డిజైన్లు ధర్మవరం చీరల అంచుల్లోకి ఎప్పుడో దిగాయి. ఒక డిజైనరో నేత కళాకారుడో పిల్లలతో వెళ్లి, ఒక్కొక్కరిని ఒక్కో అంచు ఎంచుకోమని, దాన్ని గళ్ల కాగితం మీదికి దించమన్నారనుకోండి. అసలు పని అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే వంపు తిరిగిన హంస మెడను చదరపు గళ్లలో చూపించాలి. ఎక్కడ మెట్టు వేయాలో పిల్లాడే నిర్ణయించుకోవాలి.

తర్వాత మ్యాటీ క్లాత్, అంటే గళ్లు గళ్లుగా నేసిన గుడ్డ మీద క్రాస్ స్టిచ్, ఇంటూ గుర్తులా వేసే కుట్టు. హంస వెడల్పు 12 గళ్లు, గుడ్డ వెడల్పు 100 గళ్లు. ఎనిమిది హంసలు పడతాయి, 4 గళ్లు మిగులుతాయి. కానీ హంసకూ హంసకూ మధ్య కాస్త జాగా కావాలి, ఏడు సందులున్నాయి, ఉన్నవేమో నాలుగే గళ్లు. అందుకని ఏడు హంసలకు తగ్గిస్తే 16 మిగులుతాయి, ఆరు సందులకు రెండేసి పోను చివర్లకు చెరో రెండు. భాగహారంలో శేషం అంటే ఏమిటో ఏడో తరగతి పిల్లకు ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? లెక్క తప్పితే చివరి హంసకు తోక ఉండదు, పక్కవాళ్లు నవ్వుతారు, విప్పి మళ్లీ కుట్టాలి. పరీక్ష పేపర్లో తప్పు రాస్తే మార్కు పోతుంది, అంతటితో అయిపోతుంది. కుట్టులో తప్పును వెతికి, ఎక్కడిదాకా విప్పాలో తేల్చుకుని, మళ్లీ అక్కడినుంచి రావాలి. మన చదువులో ఈ అలవాటు దాదాపు లేదు.

ఇదే గళ్ల కాగితం మగ్గం మీద జకార్డ్ అట్టగా, అంటే డిజైన్‌ను నడిపే రంధ్రాల అట్టగా మారుతుంది. అట్టలో రంధ్రం ఉంటే పడుగు పోగు, అంటే నిలువు దారం లేస్తుంది, లేకపోతే లేవదు, అంతే సూత్రం. కంప్యూటర్ క్లాసులో సున్నా, ఒకటి అని బట్టీ పట్టే పిల్లలకు ఆ అట్టను చేతిలో పెట్టి చూపించవచ్చు. ఈ మధ్య కొన్నిచోట్ల అట్టల బదులు ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి, అదీ చూపించాల్సిందే. మగ్గం అంటే తాతల కాలం ముచ్చట అని పిల్లలు అనుకోవడంలో మన తప్పే ఎక్కువ.

తండాల సంగతి ఇంకోలా ఉంటుంది. గుత్తి, కదిరి వైపు తండాల్లో అవ్వలకు అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే పని ఇంకా చేతిలో ఉంది. ఫేట్యా (లంగా), కాంచళి (రవిక) కుట్టిన చేతులవి. పక్కనే కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు లంబాడీ కుట్టుకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, 2023లో హంపిలో జీ20 సమావేశాలప్పుడు 1,755 వస్తువులు ఒకేచోట పెట్టి గిన్నిస్ రికార్డు కూడా కొట్టారు. సరిహద్దుకు ఇవతల అదే కుట్టు తెలిసిన అవ్వ మనవరాలు బడిలో ఆ మాటే ఎత్తదు, ఎవరైనా ఏమన్నా అంటారని. అవ్వను బడికి పిలిచి, కుర్చీ వేసి, టీచర్లు కూడా కింద కూర్చుని ఆమె దగ్గర నేర్చుకుంటే ఆ పిల్ల ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడ కూడా జాగ్రత్త కావాలి: లంబాడీ పిల్లలకు లంబాడీ కుట్టు, నేతవాళ్ల పిల్లలకు మగ్గం అని విడదీస్తే మళ్లీ 1953 దగ్గరికే వెళ్తాం. అవ్వ దగ్గర నేర్చుకునే గుంపులో అందరి పిల్లలూ ఉండాలి.

ఇక పనిలోని చిన్నచిన్న చిక్కులు. 45 నిమిషాల పీరియడ్‌లో 40 మంది పిల్లలు సూదిలో దారం ఎక్కించి ముడి వేసేసరికే గంట కొట్టేస్తారు, కాబట్టి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి. సూదులు లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవాలి. రాయదుర్గంలో జీన్స్ ముక్కలు దొరుకుతాయి కదా అని మొదటే అవి ఇవ్వకండి, చేతి సూది దిగదు, పిల్లలు విసిగిపోతారు. పట్టుగుడ్డ అయితే జారిపోతుంది. మామూలు గాడా బట్టతో, అంటే ముతక నూలు గుడ్డతో మొదలుపెడితే చాలు. ఇంట్లో పాత చీరలుంటే అందరూ కలిసి ఒక బొంత కుట్టొచ్చు, పరుగు కుట్టు తప్ప ఏమీ అక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు డబ్బు. మగ్గం నేసేవాళ్లకు చీరకింత అని కూలి. ఒకరోజు బడికి వస్తే ఆ రోజు నేత పోయినట్టే. మనం ఏం చేస్తాం? స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పి పంపిస్తాం. అదీ మిల్లు శాలువా. చీరలు నేసే మనిషికి మిల్లు శాలువా కప్పే ధైర్యం మనకే ఉంది.

చట్టంలో దారి లేదా అంటే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 100 మందికి పైగా పిల్లలున్న బడికి చిత్రకళ, వ్యాయామంతోపాటు పని విద్యకు కూడా పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిది మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్లు, కళాకారుల దగ్గర గడపాలని చెప్పింది. మన రాష్ట్రంలో శనివారాలు నో బ్యాగ్ డే అని ప్రకటించారు కూడా. ఆ శనివారాల్లో ఆటపాటలు, వ్యర్థాలతో పూలకుండీ చేయడం లాంటివి నడుస్తాయి. వాటిని తీసేయమనడం లేదు. వరసగా ఆరేడు శనివారాలు ఒకే కళాకారుడికి, ఒకే తరగతికి ఇచ్చి, రోజు కూలికి తగ్గకుండా చెల్లించి, అదీ పని అయిన వారంలోనే చెల్లించి చూడమంటున్నాను. ఆరు నెలల తర్వాత బిల్లు పాసవుతుందంటే రెండోసారి ఎవరూ రారు.

తల్లిదండ్రులను కూడా మొదటిరోజే పిలవాలి. ఇది మీ పిల్లలను మగ్గంలోకి దించడానికి కాదు అని హెడ్మాస్టరు వాళ్ల ముందే చెప్పాలి. వాళ్లు నమ్మాలంటే ఆ గదిలో డాక్టరు గారి పిల్లలూ, టీచర్ల పిల్లలూ కూడా సూది పట్టుకుని కనిపించాలి. టీచర్ల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారన్నది వేరే వ్యాసం.